ఇంటి చీడలు - ఏడాది కాపుదల

ఎలుక, పందికొక్కు, చెద, ముక్కుపురుగు, నల్లి, దోమ - వీనికి చరిత్ర యేమున్నదని కొందరు పెద్దలకు తోచవచ్చును. రాజులు తాము గెలిచిన యుద్ధములను రాళ్లపై చెక్కించిరి గాని, గాదెలోని గింజలను పందికొక్కు తినిపోయినదని శాసనము వేయించిన రాజును నేనెరుగను. అయినను 1896లో బొంబాయి నగరమున బయలుదేరిన మహామారి, అనగా ప్లేగు, తరువాతి కొన్ని దశాబ్దములలో ఈ దేశమున కోటిమందికి పైగా ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. దానిని ఇంటింటికి చేర్చినది శత్రుసైన్యము కాదు; మన చూరులలో కాపురముండిన యెలుక. ఇట్టి ప్రాణులను మన యిండ్లలో ఏడాది పొడుగునా ఎట్లు అదుపులో నుంచుచుండిరి, ఆ అదుపు ఎప్పుడు తప్పెను, తప్పినపుడేమి జరిగెను - ఈ సంగతులను పెద్దలకు మనవి చేయదలచితిని.

ముందుగా ఒక మాట. పందికొక్కు మన తెలుగు మాట. దొరలు ఈ దేశమునకు వచ్చి, తమ సీమలో కానరాని యీ జంతువును మన కొట్లలో చూచి, మన పేరునే తమ నోట తిప్పుకొని బ్యాండికూట్ అనిరి. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువున ఈ సంగతి స్పష్టముగా నున్నది. తరువాత ఆ పేరే సముద్రములు దాటి, ఆస్ట్రేలియా ఖండమున సంచితో పిల్లలను మోయు వేరొక జంతువునకు తగులుకొన్నది. తెలుగుదేశము పరభాషలకిచ్చిన మాటలు కొద్ది. ఆ కొద్దిలో ఇది యొకటి. గర్వింపదగినదో కాదో వినువారే నిర్ణయింతురు గాక.

రాజ్యాంగమున ఎలుకకు స్థానమిచ్చిన తొలి గ్రంథములలో కౌటిల్యుని అర్థశాస్త్రము ముఖ్యమైనది. చిరకాలము మరుగుపడియుండిన ఈ గ్రంథమును మైసూరులో శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిరి. అందు నాలుగవ అధికరణమున, దైవికముగా వచ్చు మహాభయములు ఎనిమిదియని చెప్పి, అగ్ని, వరద, వ్యాధి, కరవు, అటుపిమ్మట ఎలుకలు, క్రూరమృగములు, పాములు, రక్షస్సులు అని వరుసగా లెక్కించిరి. ఎలుక పామునకు ముందు లెక్కకు వచ్చుట గమనింపదగినది. దానికి చెప్పిన ఉపాయములు కూడ చదువదగినవి. ఎలుకల బాధ కలిగినచోట పిల్లులను ముంగిసలను విడువవలెను. వానిని పట్టినవారికిని చంపినవారికిని పన్నెండు పణములు దండుగ. తన కుక్కను కట్టివేయక వానిపైకి వదలినవానికిని అంతియే. అడవిలో నివసించువారికి మాత్రము ఈ నియమము లేదు. జెముడుపాలు పట్టించిన ధాన్యము చల్లవలెను. అదియు చాలనిచో ప్రజలపై మూషికకరము, అనగా ఇన్ని యెలుకలు పట్టి తేవలెనను పన్ను, విధింపవచ్చును. పర్వదినములలో మూషికపూజలు చేయింపుమనియు వ్రాసెను! దండనీతిలో అంత కఠినుడు ఎలుక విషయమున నమస్కారమును కూడ విడువలేదు.

ఇందు నాకు మిక్కిలి నచ్చినది పిల్లి ముంగిసల సంగతి. ఎలుకను చంపుట కంటె ఎలుకను చంపువారిని కాపాడుటయే అచ్చట మొదటి ఉపాయము. పన్ను తరువాతిది. ఈ వరుస తారుమారైనపుడేమగునో చెప్పుటకు 1902లో ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన హనాయి నగరపు కథ చాలును. ప్లేగునకు భయపడి అచ్చటి ప్రభుత్వము ఎలుకకింత అని వెలకట్టెను. కళేబరము తేనక్కరలేదు, తోక తెచ్చిన చాలుననిరి. కొన్నాళ్లకు వీధులలో తోకలేని యెలుకలు తిరుగసాగెను. జనులు తోక కోసికొని ఎలుకను విడిచిపెట్టుచున్నారనియు, ఊరి వెలుపల కొందరు ఎలుకలను పెంచుచున్నారనియు తెలిసి ప్రభుత్వమువారు ఆ బహుమానమును మానుకొనిరి. విడిచిన యెలుక పిల్లలను పెట్టును. పిల్లలకును తోకలుండును గదా!

ఎలుకకును మహామారికిని సంబంధమున్నదని పూర్వులకు తెలియునా? లీలగా తెలియును. జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో, 1618-19 నాటి ఆగ్రా మహామారిని గూర్చి తాను వినిన సంగతి యొకటి వ్రాసికొనెను. అసఫ్ ఖాను కుమార్తె యింట ముంగిటిలో ఒక యెలుక తప్పత్రాగినదానివలె తూలుచు వచ్చెను. దాసి దానిని తోక పట్టుకొని పిల్లికి వేసెను. పిల్లి నోట కరచి, వెంటనే అసహ్యించుకొని విడిచెను. పిల్లి జబ్బుపడెను, పిదప ఆ దాసికి గడ్డలేచెను, ఆ యింట చావులు మొదలాయెను. చూచినది చూచినట్లు చెప్పబడినది గాని కారణము చెప్పబడలేదు. హిమాలయములలో కుమావూను, గఢవాలు గ్రామములవారు కారణము నడుగక, ఇండ్లలో ఎలుకలు రాలి చచ్చుట కనబడగానే ఊరు విడిచి కొండలపై గుడిసెలు వేసికొనుచుండిరని పందొమ్మిదవ శతాబ్దమున అధికారులు వ్రాసియున్నారు. పుస్తకమున లేని యీ తెలివి వేల ప్రాణములను కాపాడినది.

కారణము తేలినది తరువాత. 1894లో హాంకాంగులో యెర్సిన్ అను వైద్యుడు రోగక్రిమిని కనుగొనెను. 1898లో కరాచీలో సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుక మైనుండి మనుష్యునికి రోగమును చేర్చునది ఎలుకగోమారని పరీక్ష చేసి చూపెను. ఎలుక బ్రతికియున్నంతకాలము ఆ గోమారు దానిని విడువదు. ఎలుక చచ్చి చల్లబడినంతనే వేరొక వెచ్చని రక్తమును వెదకికొని పోవును. ఇంటిలో అప్పుడు దొరకునది మనుష్యుడే. కావున ప్లేగు ఉన్న తావున ఎలుకలను తొందరపడి చంపినచో కీడే యెక్కువ. ముందు గోమార్లను చంపి, పిదప ఎలుకల పని పట్టవలెను. చచ్చిన యెలుకను వట్టిచేతితో తాకరాదని నేటికిని వైద్యులు చెప్పుట ఇందుకే.

ఈ రహస్యము తెలియకమునుపే ప్రభుత్వము తొందరపడెను. 1897లో అంటురోగముల చట్టము చేసి, సిపాయిలను ఇండ్లలోనికి పంపి, సామానులను వీధిలో పారవేయించిరి. పూనాలో ఆ దౌష్ట్యము మితిమీరి, ప్లేగు అధికారియైన ర్యాండుదొరను చాపేకర్ సోదరులు ఆ యేటి జూను 22వ తేదీన కాల్చిరి. మన తెలుగువారికి దగ్గరగా బళ్లారి ప్రాంతమున, పిదప నైజాము రాజ్యమున ప్లేగు ప్రవేశించినది. బొంబాయిలోను పంజాబులోను వలె మదరాసు రాజధానిలో అది విజృంభింపలేదు గాని, భయము మాత్రము తక్కువ కాలేదు. హైదరాబాదులో నల్లకుంట జ్వరాల ఆసుపత్రిని ప్రజలు నేటికిని కోరంటి దవాఖాన యందురు. రోగులను వేరుగా నుంచు క్వారంటీను అను మాటయే జనుల నోట అట్లు తిరిగినది.

ఇక మన యింటి కాపుదలకు వత్తును. మన పెద్దలు చీడలను చంపుటకని వేరుగా ఒక దినము పెట్టుకొనలేదు. వారి పంచాంగముననే ఆ పని యిమిడియున్నది. భోగినాడు ఇల్లు దులిపి, పాత చాపలను, చివికిన బుట్టలను మంటలో వేయుదురు. కొత్త ధాన్యము ఇంటికి చేరు దినములవి. పాత పురుగు కొత్త గింజను చేరకుండవలెను గదా. ఉగాదికి గోడలకు సున్నము. వైశాఖ జ్యేష్ఠములలో గాదెల అడుగు ఊడ్చి, గింజలనెల్ల ఎండబోసి, నులకమంచములను పెరటిలో ఎండలో నిలువబెట్టి, కోళ్ల సందులలో కాగిన నీరు పోయుదురు. నల్లి నెలల తరబడి రక్తము లేకయే బ్రతుకగలదు. కాబట్టి ఇల్లు పాడుపెట్టి పోయినంత మాత్రమున అది చావదు. వేడికి మాత్రము ఓర్వలేదు.

తొలకరి వానకు ఉసిళ్లు లేచును. వానిని ఉత్త దీపపు పురుగులని తలచువారు కలరు. ఉసిళ్లు రెక్కలు మొలచిన చెదలే. రెక్కలు రాల్చుకొని జతగూడిన యొక్కొక్క జంటయు ఒక కొత్త పుట్టకు రాజును రాణియునగును. దీపము క్రింద పళ్లెముతో నీళ్లు పెట్టి వానిని పట్టుట పిల్లల ఆటగా కనబడును గాని, అది రాబోవు ఏటి చెదకు వైద్యము. చెదకు వెలుగు గిట్టదు, ఎండ గిట్టదు. మట్టితో సొరంగము కట్టుకొని దానిలోనే నడచును. ఆ మట్టిగీత గోడపై కనబడిననాడే చీపురుతో రాల్చి, అది పుట్టిన పగులును మూసినవాని ఇంటికి నష్టము స్వల్పము. వానాకాలమంతయు వారమునకొకసారి దూలములను, ద్వారబంధములను తడవి చూచు గృహస్థు నూటికెందరుందురో చెప్పజాలను. టేకును, చేవగల తాటిదూలమును ఇంటికి వాడుట కేవలము బలము కొరకు కాదు. చెద వానిని త్వరగా తినదు.

ధాన్యపు నిలువలో మనవారి నేర్పు ఇంకను గొప్పది. కోస్తాలో రాళ్లపై నెత్తి కట్టిన గాదెలు, ఎంట్లతో చుట్టిన పురులు. రాయలసీమలోను తెలంగాణములోను జొన్నపాతరలు. పాతరను గడ్డితో పొదిగి, గింజ నింపి, మట్టితో గట్టిగా మూసినపుడు గింజయు లోపలి పురుగును ఊపిరి పీల్చి పీల్చి అందలి మంచిగాలినంతయు హరించును. పిదప పురుగు బ్రతుకలేదు. అందుచేతనే పాతర తెరచినవెంటనే దిగరాదు. దీపము దించి, అది ఆరిపోకున్నచో దిగుదురు. ఆ నియమము తప్పి ప్రాణము పోగొట్టుకొన్నవారును కలరు. కందులకు ఎర్రమట్టి పట్టించుటయు, పప్పుకు ఆముదము రాచుటయు మన యాడువారి పనులు. మట్టి పురుగు ఒంటిపై మైనపుపూతను గీరివేయగా అది ఒంటిలోని తడి యారి చచ్చును. నూనెపూత గింజపై పెట్టిన గ్రుడ్డునకు గాలి తగులనీయదు. నేటి శాస్త్రజ్ఞులు పరీక్షించి ఔననినవే ఇవి. కారణము చెప్పుమని మన అవ్వలనడిగినచో నవ్వియుందురు.

అన్నియు మంచివేయని నేననను. పేడతో నేలనలుకుట పగుళ్లు పూడ్చి, గోమార్ల పిల్లలకు తావు లేకుండ చేయును, అంతవరకు మేలు. ఆ పేడనే పోగుగా దొడ్డిలో వాకిటి ప్రక్కనే ఉంచినచో ఈగలు పుట్టును. వేపాకు పొగ ఉన్నంతసేపు దోమ దూరముగా నుండును గాని, ఆ పొగ మన కన్నులను, ఊపిరితిత్తులను కూడ విడువదు. దీపావళి మందుగుండు పొగకు దోమలు చచ్చునను మాటకు నాకు ఆధారమేమియు కనబడలేదు. గింజలను మనము పండుకొను గదిలోనే మూటలుగా పేర్చుకొనుటయు మన దురభ్యాసములలోనిదే. 1993లో మహారాష్ట్రమున భూకంపము వచ్చి జనులు ఇండ్లను విడిచిపోగా, నిలువయున్న గింజలపై ఎలుకలు విస్తరించెననియు, మరుసటి యేడు ఆ ప్రాంతపు బీడు జిల్లాలో ప్లేగు మరల తలయెత్తుటకు అదియొక కారణమనియు పరిశోధకులు వ్రాసిరి.

ఒక్క చిన్న ప్రస్తావన పండితుల కొరకు. మన పుస్తకములకు చెద, పురుగు ఏనాటినుండియో శత్రువులు. తంజావూరు సరస్వతీమహలులో వస, లవంగము, మిరియము, దాల్చినచెక్క, కర్పూరము మున్నగునవి పొడిచేసి, గుడ్డమూట కట్టి తాళపత్రముల నడుమ ఉంచుట ఆచారము. ఆకుకు పసుపు, నిమ్మగడ్డినూనె రాచుటయు కలదు. ఎన్ని చేసినను ఆకు కొన్ని వందల యేండ్లకు మించి నిలువదు. తిరిగి వ్రాయుటయే అసలు మందు. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర పండితులకు జీతములిచ్చి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయింపకున్నచో, నేడు మనము చదువుకొను పుస్తకములు కొన్ని చెదపుట్టలోనే యుండెడివి.

దోమను గూర్చి మాత్రము కొంచెము విస్తరించి చెప్పవలెను. సుశ్రుతసంహిత కల్పస్థానమున పదునెనిమిది విధములైన యెలుకలు చెప్పబడినవి. దోమలు ఐదు విధములనియు, అందు పర్వతప్రాంతపు దోమకాటు ప్రాణాంతకమైన కీటకముల కాటుతో సమానమనియు చెప్పబడినది. దీనిని పట్టుకొని, చలిజ్వరము దోమవలన వచ్చునని సుశ్రుతునకు తెలియునని కొందరు వాదింతురు. గ్రంథమున అట్లు లేదు. లేనిదానిని ఋషులకు అంటగట్టుట వారికి గౌరవము కాదు. ఆ రహస్యము తెలిసినది 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులో. రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, హుస్సేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమ పొట్టను చీల్చి, సూక్ష్మదర్శినిలో జ్వరక్రిమిని చూచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. బేగంపేటలో ఆ భవనము నేటికిని కలదు. ఆ రాస్ దొర ప్రజలకు బోధించినది ఏ మందునో కాదు. గుంటలు పూడ్చుడు, నీటి తొట్లు వంచుడు, ఈ పని విడువక చేయు మనుష్యులను ప్రతి పట్టణమున నియమింపుడు - ఇంతియే.

ఆ బోధ వెనుకబడుటకు కారణము ఒక తెల్లని పొడి. 1939లో పాల్ ముల్లర్ అను స్విస్ శాస్త్రజ్ఞుడు డి.డి.టి. కీటకములను చంపునని కనుగొనెను. మన దేశమున స్వాతంత్ర్యము వచ్చునాటికి ఏటేట ఏడున్నర కోట్లమందికి చలిజ్వరము వచ్చుచుండెననియు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము ఇంటింట డి.డి.టి. చల్లించుట మొదలుపెట్టెను. 1965 నాటికి రోగులు లక్షకు దిగిరి. ఇంతటి మేలును తక్కువచేసి మాటలాడువాడు కృతఘ్నుడు.

ఆ మందు చల్లువారు మా యింటికి వచ్చుట నా బాల్యమున, 1960వ దశకపు చివర, నేను చూచినదే. సామానంతయు వాకిట పెట్టించి, గోడలపై మందు కొట్టి, తలుపు ప్రక్కన తేదీ వ్రాసి పోవుచుండిరి. ఆ మందు గోడపైననే నెలల తరబడి నిలిచి, రక్తము త్రాగి గోడపై వాలిన దోమను చంపవలెను. కాని రెండు వారములకు పండుగ వచ్చెను. మా యింటి ఆడువారు వాడుక చొప్పున గోడలు అలికి, సున్నము కొట్టిరి. మందు సున్నము క్రింద పడెను. ఈ సంగతి మా యింటిదే కాదు, దేశమంతట జరిగినదే. ప్రభుత్వపు పంచాంగమొకటి, ఇంటి పంచాంగమొకటి. ఏ నెలలో ఏ ఊరివారు గోడలలుకుదురని అడిగి, దాని ననుసరించి మందు చల్లినచో నెంత బాగుండెడిది! మఱి రెండు సంగతులు తోడైనవి. నల్లులు, ఈగలు, పిదప దోమలు ఆ మందునకు అలవాటుపడెను. మందు కొట్టినను నల్లి చావలేదని జనులు తలుపులు మూసికొనిరి. మందున్నది గదాయని మురుగుగుంటలను పూడ్చుట మానిరి. 1976లో చలిజ్వర పీడితుల సంఖ్య అరువదినాలుగు లక్షలకు ఎగబ్రాకెను. 1989లో సేద్యమునకు డి.డి.టి. వాడుటను ప్రభుత్వము నిషేధించెను.

నేడు మన యిండ్లలో పగటిపూట కుట్టు చారల దోమ వేరొకటి. డెంగీ జ్వరమును తెచ్చునది ఇదియే. ఇది మురుగునీటిని కోరదు. తేట నీటి గోలెము, పెరటిలో పడియున్న కొబ్బరిచిప్ప, పాత టైరు, శీతలయంత్రము వెనుక పళ్లెము దీనికి చాలును. గ్రుడ్డునుండి రెక్కల దోమయగుటకు వారము పదిదినములు పట్టును. కాబట్టి వారమునకొకనాడు, ఏ వారమైనను సరియే, పాత్రలనెల్ల ఒంపి, లోపలి అంచులను తోమి, ఎండనీయవలెను. గ్రుడ్లు అంచునకంటుకొని యుండును గనుక నీరొంపినంత మాత్రము చాలదు, తోమవలెను. శుక్రవారము ఇల్లు కడుగుట మనకు పూర్వమునుండి వాడుకయే గదా; గోలెమును కూడ ఆ దినముననే కడుగుడు. ఈ మార్గశిరమున కొత్త ధాన్యము ఇంటికి రాకమునుపే గాదె క్రింది రాళ్లు కదలినవేమో చూచి, గోడవార బొరియలను గాజుపెంకులు కలిపిన సున్నముతో పూడ్పించుడు.